సవతికి పొగ పరీక్ష

మా ఇంట్లో ఆడవాళ్ళం ఇద్దరమే. అమ్మ లెక్కలో మాత్రం ముగ్గురం. ఆ మూడోది వాకిలి పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. ఎర్రగా, పొట్టిగా, నేలకు అతుక్కుపోయినట్టు ఉంటుంది. రెండే సీట్లు, నెత్తిన గుడ్డ టాపు. దీపాలు బానెట్టులో దాక్కుని ఉండి, స్విచ్ నొక్కితే కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. వయసులో నాకంటే పెద్దది. అమ్మ దాన్ని ఏనాడూ కారు అనలేదు. "నా సవతి" అనేది.

"పొద్దున లేవగానే మీ నాన్న చూసేది నా మొహం కాదే, దాని మొహం. నాకు తలనొప్పి అంటే మాత్ర వేసుకోమంటాడు. దాని ఒంటి మీద గీత పడితే భోజనం మానేస్తాడు" అనేది వచ్చినవాళ్ళందరితో. నాన్న విననట్టు నవ్వేవాడు.

ఆ వానాకాలం మాత్రం నవ్వులు లేవు. నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. వానలు వెనకపట్టేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పుడే సవతికి ఏటేటా జరిగే పరీక్ష ముంచుకొచ్చింది. బ్రేకులు, దీపాలు, టైర్లు, పొగ అన్నీ చూసి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని తేలిస్తే మరో ఏడాది ఆయుష్షు పోస్తారు. అంత వయసు బండి ఒకసారి తప్పితే, బాగుచేయించుకుని ఇంకోసారి రమ్మంటారు. రెండోసారీ తప్పిందా, నంబరు పలకలు ఊడదీసుకుంటారు. మళ్ళీ ఇవ్వడం అనే మాటే లేదు.

నేను సిటీ బస్సు డ్రైవర్ని. పీకలదాకా జనంతో ఉన్న బస్సును సందుల్లో తిప్పి, ఎవడి గుమ్మానికీ గీటు పడకుండా బయటికి తెస్తాను. అయినా ఆ ఎర్ర బండి తాళం నాన్న నా చేతికి ఎప్పుడూ ఇచ్చింది లేదు. నాన్న దర్జీ. కోట్లు కుట్టడంలో ఆయన్ని మించినవాడు మా చుట్టుపక్కల లేడు. బండిని కూడా పట్టుగుడ్డలా ముట్టుకునేవాడు. "నువ్వెక్కితే అది కూడా బస్సయిపోతుంది" అని నా నోరు మూసేవాడు.

పరీక్ష రోజున మాత్రం ఇవ్వక తప్పలేదు. పడక్కుర్చీలో కూర్చుని, తాళాన్ని గుప్పిట్లోనే పట్టుకుని అప్పగింతలు మొదలుపెట్టాడు.

"అమ్మాయ్, ఇది బస్సు కాదు."

"తెలుసు నాన్నా."

"క్లచ్ మీద కాలు ఆనించి నిలబడకు. గుంత కనిపిస్తే ఆగి, దణ్ణం పెట్టి, పక్కనుంచి పో. హారన్ కొట్టకు, దానికి మొహమాటం."

"హారన్‌కి మొహమాటమేంటి నాన్నా!"

"అన్నిటికంటే ముఖ్యం, ముల్లు గీత దాటనివ్వకు. ఏం జరిగినా సరే. గీత దగ్గరికి రాగానే గేరు మార్చెయ్." అప్పటిదాకా నవ్వుతూ ఉన్నవాడు ఆ ఒక్క మాట మాత్రం నవ్వకుండా చెప్పాడు.

స్టీరింగ్ వెనక ముల్లు తిరిగే గుండ్రటి పలకలు రెండుంటాయి. ఒకటి బండి ఎంత జోరుగా పోతోందో చెబుతుంది. రెండోది లోపల ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో చెబుతుంది. ఈ రెండోదాని అద్దం మీద, సగానికి కాస్త ఇవతల, ముదురు ఎరుపులో చిన్న గీత ఉంది. ఊహ తెలిసినప్పటినుంచి చూస్తున్నాను గనక, బండి చేసినవాళ్ళే గీశారనుకున్నాను.

నాన్న మాట జవదాటలేదు. ముల్లు గీత దగ్గరికి వస్తే చాలు, గేరు మార్చేశాను. సన్నటి తుంపరలో, పెళ్ళిచూపులకు వెళ్తున్నంత నెమ్మదిగా బండిని నడిపించాను. దారిలో సైకిలు మీద ఒక తాత నన్ను దాటుకుపోయాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి జాలిగా చూశాడు కూడా.

పరీక్ష చేసే చోట ఇంజన్ల మోత, తడి రబ్బరు వాసన. పరీక్షించే అమ్మాయి దళసరి కళ్ళద్దాలతో, నూనె మరకల నీలం కోటుతో ఉంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరు సీటు బెల్టు చేతిలోకి తీసుకుని, వేలితో తడిమి ఆగిపోయింది.

"ఇదెవరు కుట్టారండీ?"

"మా నాన్న. దర్జీ" అన్నాను గర్వంగా. నిరుడు ఆ బెల్టు అంచు నలిగి పోగులు లేస్తుంటే నాన్న దానికి తన చేత్తో కుట్టు వేశాడు.

"చాలా బాగా కుట్టారు. ఇంత సన్నటి కుట్టు నేనెక్కడా చూళ్ళేదు" అంది. నేను ఇంకా పొంగిపోతూనే ఉన్నాను, "కానీ సీటు బెల్టుకి కుట్టు పడకూడదండీ. ఫెయిల్" అంది.

తర్వాత దీపాల స్విచ్ నొక్కమంది. కుడి కన్ను లేచింది, ఎడమ కన్ను లేవలేదు. బండి ఆ అమ్మాయికి కన్ను కొట్టినట్టయింది. ఆ అమ్మాయి నవ్వలేదు. చివరికి పొగగొట్టంలో మీటరు గొట్టం పెట్టి ఇంజను లేపమంది. మీటరు మీద అంకెలు ఎక్కడం మొదలుపెట్టాయి, ఎక్కుతూనే ఉన్నాయి. పక్క వరసలో ఇసుక లారీ ఆయన తన లారీ వంక ఒకసారి, మా బండి వంక ఒకసారి చూసి, మీసం కింద నవ్వుకున్నాడు.

"పొగలోనూ ఫెయిలండీ. మామూలుగా కాదు, ఘోరంగా" అంది ఆ అమ్మాయి.

ఇంటికొచ్చేసరికి నాన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నిలబడొద్దని డాక్టరు చెప్పినా వింటేగా! నా మొహం చూడగానే అర్థమైపోయింది. అయినా అడిగాడు. దీపం సంగతి చెప్పాను, పొగ సంగతి చెప్పాను. బెల్టు సంగతి మింగేద్దామనుకున్నాను గానీ ఆయన ముందు అబద్ధం ఆడడం నావల్ల కాదు.

"నా కుట్టు ఊడుతుందందా?" అన్నాడు.

"ఊడుతుందని కాదు నాన్నా, అసలు కుట్టే ఉండకూడదట."

"నా చేత్తో కుట్టిన కోటు భుజం ఈ రోజుదాకా ఒక్కటి ఊడలేదు." అంతే, మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆపరేషన్‌కి కూడా అంత నీరసపడని మనిషి, ఆ ఒక్క మాటకి చతికిలబడిపోయాడు.

ఆ పైన రోజులు తడిగుడ్డలా వేలాడుతూ గడిచాయి. నాన్న షాపు తాళం తియ్యలేదు. సగం కుట్టిన కోట్లు కొయ్యబొమ్మల మీదే ఉండిపోయాయి. పేపరు విప్పేవాడు కాదు. వాన వెలిసినా షెడ్డు వైపు చూసేవాడు కాదు. డాక్టరేమో గుండె బ్రహ్మాండంగా ఉందన్నాడు. గుండె బాగుంటే మనిషి బాగున్నట్టేనా?

గోరుచుట్టు మీద రోకలిపోటులా బాబాయి దిగాడు. నాన్నకు తమ్ముడు. బస్టాండు దగ్గర హోటలు నడుపుతాడు. మనసు మంచిదే గానీ నోటికి బ్రేకులు లేవు. ఆయన్నే పరీక్షకు పంపితే మొదటి నిమిషంలోనే ఫెయిలు.

"అన్నయ్యా, దిగులెందుకు? నంబరు పలకలు పోతే పోనీ. బండిని నా హోటలు ముందు పెడతాను. టైర్లు తీసేసి దిమ్మ మీద కూర్చోబెడదాం. బానెట్టు తీసి లోపల మట్టి పోసి పూలమొక్కలు వేద్దాం. జనం ఎగబడి ఫోటోలు దిగుతారు! బండి బతికున్నట్టే లెక్క."

నాన్న "నీ ఇష్టంరా" అన్నాడు. ఆ మాటకు బాబాయే బిత్తరపోయాడు. తన బండి మీద ఈగ వాలితేనే ఒంటికాలి మీద లేచే అన్నయ్య, ఇంజను తీసి మట్టి పోస్తానంటే నీ ఇష్టం అన్నాడు మరి.

బాబాయి వెళ్ళాక అమ్మ వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడ్చింది. నేను వెళ్ళి కుళాయి కట్టేశాను.

"ఇన్నాళ్ళూ సవతీ సవతీ అని దాన్ని ఆడిపోసుకున్నాను. ఇప్పుడు చెబుతున్నా విను. అది ఆగిపోతే ఈయన ఆగిపోతాడే. నాకు భయంగా ఉంది. ఎలాగైనా దాన్ని పాస్ చేయించు. నీకు చేతులెత్తి మొక్కుతాను" అంది.

"కూతురికి మొక్కుతారా ఎవరైనా? పో అవతలికి" అని కసిరాను. మూలనపడ్డ బండ్లను డిపో వెనక రోజూ చూస్తాను. మా నాన్న బండి అలా కావడం నేను చూడలేను.

మర్నాడే బండిని మేస్త్రి దగ్గరికి తోలుకెళ్ళాను. మా వీధి చివర షెడ్డు ఆయనది. ప్రతి బండికీ "దీని పనైపోయింది" అనే అంటాడు గనక అందరూ ఆయన్ని అపశకునం మేస్త్రి అంటారు, ఆయన ముందే. ఆయనకదేం పట్టదు. కొత్త బెల్టు బిగించాడు. ఎడమ కన్ను లేపే మోటారు మార్చాడు. ప్లగ్గులు, గాలి జల్లెడ, ఇంకా ఏవేవో మార్చాడు. మార్చిన ప్రతిసారీ తన పొగ మీటరు పెట్టేవాడు. అంకెలు ఒక మెట్టు దిగేవి, అక్కడే భీష్మించుకుని కూర్చునేవి.

"అమ్మా, ఇంజను విప్పాలి. లోపలంతా మసి పేరుకుపోయింది. దీని పనైపోయింది" అన్నాడు.

"విప్పితే ఎప్పటికి బిగిస్తావు?"

"సామాన్లు ఎప్పుడొస్తే అప్పుడు. ఈ వానాకాలంలో మాత్రం కాదు."

రెండో పరీక్షకు గడువు ఆ వానాకాలమే. ఇంకేం చేస్తాను? తల పట్టుకుని డ్యూటీకి పోయాను.

డిపోలో పొద్దున్నే గొడవ జరుగుతోంది. ఆసుపత్రి చుట్టూ తిరిగే చిన్న బస్సు ఒకటుంది మాకు. నాలుగడుగులకొక స్టాపు, నత్తనడక. దాని పొగకు వెనక కారువాళ్ళు తిట్టిపోస్తున్నారని కండక్టరు మొత్తుకుంటున్నాడు. ఫోర్‌మన్ కప్పులో టీ ఊదుకుంటూ తలకూడా ఎత్తకుండా అన్నాడు: "దానికి రోగం రొష్టూ ఏమీ లేదయ్యా. ఇవాళ పెద్దరోడ్డు ట్రిప్పుకి పంపించు. కింది గేరులో బాగా తొక్కమను. గొంతులో కఫం అంతా అదే పోతుంది."

ఇది నాకు కొత్త మాటేం కాదు. ఆ చిన్న బస్సును పెద్దరోడ్డు ఎక్కించి కఫం వదిలించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంజను వేడెక్కి, గట్టిగా తిరిగితేనే లోపలి మసి కాలి బయటికి పోతుంది. మెల్లగా నడిపేకొద్దీ పేరుకుంటుంది. ఇంత తెలిసినదాన్ని, ఇంట్లో ఉన్న బండి దగ్గరికొచ్చేసరికి నాకది తట్టలేదు. తట్టేదెలా? అది బస్సు కాదని నాన్న చిన్నప్పటినుంచీ నూరిపోశాడు కదా! డ్యూటీ దిగగానే ఇంటికి పరిగెత్తాను.

నాన్న మంచం మీద ఉన్నాడు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకు బొత్తాం కుడుతోంది. దర్జీ ఇంట్లో బొత్తాలు అమ్మే కుట్టుకోవాలి, అది వేరే కథ.

"నాన్నా, ఒక్క మాట అడుగుతాను. ఆ బండిలో ముల్లు ఎప్పుడైనా గీత దాటిందా?"

"లేదు."

"ఎప్పుడూ? ఒక్కసారి కూడా?"

"చెప్పాను కదే, లేదని."

"అయితే దాని రోగం అదే నాన్నా! దాన్ని జన్మలో గట్టిగా ఊపిరి పీల్చుకోనివ్వలేదు నువ్వు. పెద్దరోడ్డు మీదికి తీసుకెళ్ళి గీత దాటించి తొక్కితే, ఉన్న మసంతా పోతుంది. అసలు ఆ గీత ఎందుకు పెట్టారు బండివాళ్ళు? ముల్లు తిరగడానికి పైన అంత చోటుంటే?"

"బండివాళ్ళు పెట్టలేదు. మీ అమ్మ పెట్టింది" అన్నాడు నాన్న.

అమ్మ సూది ఆగింది.

"నువ్వు కడుపులో ఉన్నావు" అని నాన్న నాతో చెప్పాడు, అమ్మ వైపు చూడకుండా. "నేను కొంచెం జోరు మీదుండేవాణ్ణి అప్పట్లో. ఒకరోజు ఇద్దరం వస్తుంటే మలుపులో బండి జారింది. ఎవరికీ ఏం కాలేదు. ఇంటికి రాగానే మీ అమ్మ లోపలికెళ్ళి గోళ్ళరంగు సీసా తెచ్చి, అద్దం మీద గీత గీసింది. ఇది దాటనని మాటివ్వమంది. ఇచ్చాను. మాటంటే మాటే. బండి పోతే పోయింది గానీ గీత దాటించేది లేదు."

అమ్మ మొహం చూశాను. పాపం, నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"ఏవండీ, ఆ గీత నేను గీసిందా?"

"నువ్వే కదటే."

"అదింకా ఉందా?"

"ఉండక? నేనెందుకు చెరుపుతాను?"

"నేనేదో ఆ పూట భయపడి గీశానండీ. వారం తిరక్కుండా మర్చిపోయాను. మీరు నిదానంగా నడుపుతుంటే వయసు పెరిగి బుద్ధొచ్చిందనుకున్నాను. ఇన్నేళ్ళూ… నా మాట కోసమా?"

నాన్న దుప్పటి అంచు సర్దుకున్నాడు. "మరి దేనికనుకున్నావు?"

అమ్మ చొక్కా పక్కన పెట్టి లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా, చినుకుల్లోనే వాకిలి దాటి షెడ్డులోకి పోయింది. నేను వెనకే వెళ్ళాను. బండి తలుపు తీసి, ఎప్పుడూ ఎక్కని డ్రైవరు సీట్లో కూర్చుని, ఆ గీత వంక కాసేపు చూసింది. తర్వాత బొటనవేలి గోటితో గీకడం మొదలుపెట్టింది. అంత పాత రంగు ఒకంతట వదలలేదు. పెచ్చులు పెచ్చులుగా లేచింది. అంతా పోయాక చీర చెంగుతో అద్దం తుడిచి, బయటికి దిగి, "ఇక నీ ఇష్టం" అంది. నాతో అందో, బండితో అందో నేను అడగలేదు.

రెండో పరీక్ష రోజు పొద్దున్నే మబ్బు విడిచింది. నేను టాపు మడిచి, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అమ్మ నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన తాను కుట్టినవాటిలో తానే మెచ్చుకునే బూడిదరంగు కోటు వేసుకుని ఉన్నాడు.

"డాక్టరు నడపొద్దన్నాడు గానీ కూర్చోవద్దనలేదుగా. తీసుకెళ్ళు" అంది అమ్మ. వంగి ఆయనకు బెల్టు తనే పెట్టింది. "ఇన్నాళ్ళూ నా కోసం ఆగారు. ఇవాళ నా కోసం దాటించండి."

నాన్న కోటు బొత్తాం పెట్టుకుని, "పోనీ అమ్మాయ్" అన్నాడు.

ఊరు దాటేదాకా పాత పద్ధతిలోనే, నెమ్మదిగా. ఇంజను బాగా వేడెక్కాక పెద్దరోడ్డు ఎక్కాం. దారి ఖాళీగా ఉంది, తడి ఆరింది. బండి జోరు హద్దు దాటకుండా చూసుకున్నాను. నేను జీతం తీసుకునే డ్రైవర్ని, రోడ్డు మీద పిచ్చివేషాలు వెయ్యను. గేరు మాత్రం ఒకటి దించాను. దించి, తొక్కాను.

ముల్లు లేచింది. గీత ఉండే చోటుకొచ్చింది. నాన్న కుడిచెయ్యి తనకు తెలియకుండానే గేరు మార్చడానికి కదిలింది, మళ్ళీ ఒళ్ళోకి పోయింది. ముల్లు ఆ చోటు దాటింది. బండి ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది. అద్దంలో చూస్తే వెనక నల్లటి మేఘం. ఇంజను కాదు గదా పోయింది?

"ఆపకు! తొక్కు!" అని అరిచాడు నాన్న.

తొక్కాను. దగ్గు ఆగింది. అప్పుడు వచ్చింది గొంతు. నా జన్మలో వినలేదు ఆ గొంతు, నేను పుట్టకముందునుంచీ మా వాకిట్లోనే ఉన్న బండిది. సన్నగా మొదలై, పైపైకి పోయి, ఎక్కడా తడబడకుండా నిలిచింది. పక్కకు చూస్తే నాన్న సీట్లో నిటారుగా కూర్చుని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కళ్ళలో నీళ్ళు గాలికి చెవుల వైపు పోతున్నాయి.

"విన్నావా! విన్నావుటే!" అంటున్నాడు.

"విన్నాను నాన్నా!"

"ఇంకోసారి దించు గేరు!"

దించాను. వెనక అద్దంలో పొగ పలచబడింది, నీలంగా మారింది, ఆఖరికి రోడ్డు తప్ప ఏమీ కనపడలేదు. ఇద్దరం పిచ్చివాళ్ళలా కేకలు పెట్టుకుంటూ పరీక్షకు చేరాం.

చేరాక గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. గేటు బయటిదాకా బండ్ల వరస. ఇంజను వేడిగా ఉన్నప్పుడే మీటరు పెడితే మాకు లాభం. వరసలో ఇంజను ఆపేయాలని కాపలావాడి పట్టు. ఆపితే చల్లారుతుంది, చల్లారితే పొగ మళ్ళీ మొదటికొస్తుంది. కిందామీదా పడుతుంటే వరసకు అన్నిటికంటే ముందున్న వ్యాను లోంచి ఒక తల బయటికొచ్చింది. బాబాయి! తన హోటలు వ్యానుకు కూడా పరీక్ష ఆరోజే. తెల్లారకముందే వచ్చి మొదటి చోటు పట్టుకున్నాడు.

ఆయన దిగి మా దగ్గరికి వచ్చాడు. పూలమొక్కల సంగతి ఎత్తుతాడేమోనని నేను పళ్ళు కొరుక్కున్నాను. నాన్న మొహం చూసి ఆగిపోయాడు. ఆ మొహం మీద కన్నీటి చారలు, నవ్వు. తమ్ముడిగా పుట్టినవాడు, ఆ మొహాన్ని చిన్నప్పుడెప్పుడో చూసి ఉంటాడు.

"అన్నయ్యా, ఏం చేసొచ్చారు మీరిద్దరూ?"

"గీత దాటించాంరా" అన్నాడు నాన్న.

అదేమిటో బాబాయికి తెలియదు. అయినా నేను రెండు ముక్కల్లో చెప్పగానే, ఒక్క మాట మాట్లాడకుండా పోయి, తన వ్యాను వరసలోంచి బయటికి తీశాడు. నోటికి బ్రేకులు లేని మనిషి నోరు మూసుకుని చేసిన పని అదొక్కటే నేను చూశాను. మొదటి చోటు మాకిచ్చి, తను పోయి అందరికంటే చివర్న నిలబడ్డాడు.

"వెళ్ళు అమ్మడూ! పూలకుండీలు బజార్లో దొరుకుతాయిలే!" అని అక్కణ్ణుంచి కేకేశాడు.

కళ్ళద్దాల అమ్మాయి కొత్త బెల్టును గుంజి చూసింది. దీపాల స్విచ్ నొక్కమంది. రెండు కళ్ళూ ఒక్కసారే లేచాయి. బ్రేకులు చూసింది, నేలలో తవ్విన గోతిలోకి దిగి బండి అడుగుభాగం చూసింది. ఇక మీటరు గొట్టం తెచ్చి పొగగొట్టంలో పెట్టింది. "లేపండి" అంది. లేపాను. నేను మీటరు వైపు చూడలేకపోయాను, నాన్న వైపు చూశాను. ఆయన ఆ అమ్మాయి వైపు చూస్తున్నాడు.

ఆ అమ్మాయి కనుబొమ్మలు ముడిచింది. కళ్ళద్దాలు తీసి, కోటుకు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. గొట్టం బయటికి తీసి చూసి, మళ్ళీ పెట్టింది. "మీటరు చెడిపోయిందేమో" అని గొణుక్కుంది. పక్క వరసలో ఆగిన ఆటోకు పెట్టి చూసింది. దాని అంకెలు దానికి బాగానే వచ్చాయి. మూడోసారి మాకు పెట్టింది.

"ఇంజను మార్చారా?"

"లేదండీ. కొంచెం ఊపిరాడనిచ్చాం."

"పాస్" అంది. ఆ వానాకాలం మొత్తంలో నేను విన్న అతి చిన్న మాట, అతి గొప్ప మాట అదే. నేను స్టీరింగ్ మీద తల ఆనించేశాను. నవ్విన నాపచేనే పండిందని మా వెనక ఎవరో అన్నారు. చూస్తే అపశకునం మేస్త్రి, వేరే బండేదో తోలుకుని వచ్చినవాడు. "దీని పనైపోయిందన్నావుగా?" అన్నాను. "అప్పటికి అయిపోయింది మరి" అన్నాడు ఏమాత్రం తొణక్కుండా.

నాన్న మాత్రం బండి దిగకుండా ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, అప్పుడు బెల్టుకు కుట్టు చూశావటగా. నిజం చెప్పు, ఎలా ఉంది?"

"అంత మంచి కుట్టు నేనెక్కడా చూళ్ళేదండీ. కానీ…"

"ఆ 'కానీ' నాకు తెలుసులే. మొదటి ముక్క చాలు" అన్నాడు. ఆ మర్నాడే షాపు తాళం తీశాడు. ఆ పాత బెల్టును మేస్త్రి దగ్గర తెచ్చుకుని, షాపులో గోడకు వేలాడదీశాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకు ఇప్పటికీ ఆ కుట్టు చూపించి, కథంతా చెబుతాడు. కథలో ప్రతిసారీ ముల్లు ఇంకొంచెం పైకి పోతూ ఉంటుంది.

ఆరోజు ఇంటికొచ్చేసరికి అమ్మ గేటు దగ్గరే ఉంది. చెప్పక్కర్లేకపోయింది. వీధి మలుపునుంచే ఆ గొంతు వినిపించిందట. ఎవరిదో విమానం అనుకుందట మొదట. నాన్న దిగి, తాళాన్ని నా గుప్పిట్లోంచి తీసుకోబోయి, ఏమనుకున్నాడో మళ్ళీ నా గుప్పిట మూసేశాడు.

"అచ్చం బస్సు తోలినట్టే తోలావే" అన్నాడు.

చిన్నప్పటినుంచీ తిట్టుగా విన్న ఆ మాటకు, నడివాకిట్లో చిన్నపిల్లలా ఏడ్చేశాను.

వానలు వెనకపట్టాయి. డాక్టరు సరేనన్నాడు. నాన్న స్టీరింగ్ పట్టిన మొదటి పూట పక్క సీట్లో ఎవరు కూర్చోవాలో ఎవరూ అడగలేదు. అమ్మ కొంగు బిగించి, బెల్టు పెట్టుకుని కూర్చుంది. ఆ పెద్దరోడ్డు మీదికే పోయారు. తిరిగొచ్చేసరికి అమ్మ జుట్టంతా చింపిరి చింపిరిగా లేచి ఉంది, చెంపలు ఎర్రబడ్డాయి. దిగి, నన్ను చూసి సిగ్గుపడి, గబగబా లోపలికి పోయింది.

వెంటనే గోళ్ళరంగు సీసాతో బయటికొచ్చింది. నాన్న, నేను గతుక్కుమన్నాం.

"మళ్ళీ ఏమైందే?" అన్నాడు నాన్న, కాస్త భయంగానే.

అమ్మ డ్రైవరు సీట్లోకి వంగి, అద్దం మీద జాగ్రత్తగా ఒక గీత గీసింది. ఊది ఆరబెట్టింది. సీసా మూత బిగించి, పక్కకు జరిగి, చూడమంది.

చూశాం. పలక చిట్టచివర, ముల్లు ఇక తిరగడానికి చోటే లేని దగ్గర ఉంది గీత.

"ఇది మాత్రం దాటొద్దు. మాటివ్వండి" అంది.

నాన్న చెయ్యి చాచి మాటిచ్చాడు.